తాడు మీద చెయ్యి

గోదావరి దాటించే పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. పాటు మీద నీళ్ళు బాగా తీసేశాయి, నది నడుమ ఇసుకమేట బయటపడింది, పోటు ఎక్కేదాకా కదలదండి అని టికెట్ల చినబాబు చెప్పి పావుగంటయింది. అంటే ఈ నరసాపురం రేవులో, ఈ సిమెంటు దిమ్మ మీద, పక్కన వలసంచీలో ఆరు బంతులు పెట్టుకుని నేను కూర్చోవాలన్నమాట. కూర్చోవడం నాకు రాదు. పన్నెండేళ్ళుగా పిల్లల్ని పరిగెత్తించి జీతం తీసుకుంటున్నదాన్ని. బంతులకి కుట్లు వేయించుకుని మూడింటికల్లా తిరిగి వెళ్ళిపోవాల్సింది, కుట్టేవాడు ఆలస్యం చేశాడు, ఇప్పుడు గోదావరి ఆలస్యం చేస్తోంది. నాలుగూ ఐదయింది. ఐదింటికి ఫోనొస్తుంది. రాజమండ్రి నుంచి జానకిరామ్ గారు చేస్తారు. ఆయనెవరో మొన్నటిదాకా నాకు తెలీదు. నిన్న మధ్యాహ్నం బడిలో ఉండగా చేసి, వీరదుర్గ గారేనా అండి, డ్రిల్లు టీచరు గారేనా అని రెండుసార్లు అడిగి, ఆడవాళ్ళ జాతీయ ఫుట్‌బాల్ జట్టు మేనేజరు చంద్రరావు గారు ఆ ఉద్యోగానికి తగినవారా కాదా అని తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారండి, అందులో నేనొకణ్ణి అన్నాడు. ఒకాయన తీసెయ్యమంటున్నాడట, ఒకావిడ ఉంచమంటున్నదట, మూడో మాట ఈయనది. మిమ్మల్ని మొదటినుంచీ ఎరిగినవాళ్ళ పేర్లు ఇవ్వండి అని చంద్రరావు గారిని అడిగామండి, నాలుగు గళ్ళుంటే ఒక్క గడిలోనే రాశారు, మీ పేరే రాశారు. ఆలోచించుకోండి, రేపు ఐదింటికి చేస్తాను, మీరేం చెబితే నేనదే రాస్తాను అన్నాడు. నాలుగు గళ్ళల్లో మూడు ఖాళీ వదిలేశాడా మా చంద్రరావు బావ. పదిహేడేళ్ళుగా దేశమంతా తిరిగిన మనిషికి ఇంకెవరూ దొరకలేదా.

నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అందరికీ తెలుసు, బడిలో పిల్లలకి ఇంకా బాగా తెలుసు. ఆ కోపంతోనే నిన్న రాత్రి అన్నం వండుకోలేదు. ఎవరి మీద కోపమో మాత్రం తెలీలేదు. ఇప్పుడీ దిమ్మ మీద కూర్చుంటే కుడికాలి చీలమండ దగ్గర సన్నగా లాగుతోంది, వానొచ్చేముందు అలాగే లాగుతుంది, పడమటి వైపు మబ్బుంది నిజమే. ఈ కాలు నాకు వాతావరణ శాఖ. పిల్లలు నవ్వుతారు, టీచరు గారు కాలు పట్టుకున్నారు, ఇవాళ ఆట లేదర్రా అని. ఈ కాలి గురించి జానకిరామ్ గారు అడిగితే ఏం చెప్పాలి. అడగడు, ఆయనకెలా తెలుస్తుంది. ఈ కాలి సంగతి పూర్తిగా తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే, అమ్మ పోయాక.

చిట్టెమ్మ వదిన ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి దోపుకుని వచ్చి నా పక్కన కూలబడింది. బావకి అక్క. పొద్దున్నే మా ఊరి చేపలు తెచ్చి ఈ నరసాపురం బజార్లో అమ్ముతుంది, సాయంత్రం ఇదే పంటు మీద వెనక్కి వస్తుంది. కొంగుతో మెడ తుడుచుకుంది, నా సంచీ చూసింది, నా మొహం చూసింది.

"ఐదింటికే గదే ఫోను."

"నీకెవరు చెప్పారు వదినా?"

"ఊరంతా చెప్పుకుంటంటే నాకొకరు సెప్పాలేంటి. నువ్వు కాదన్నావంటే ఆడు ఇంటికొచ్చేత్తాడంట. నిజమేనా?"

నిజమే అన్నాను. వదిన కాసేపు అవతలి ఒడ్డు చూసింది. ఆ పంటు వైపు కాదు, దానికి ఇంకా అవతలికి, ఊరి వైపు. "అయితే కాదనెయ్యి. టీవీలో అన్ని తిట్లు తిని ఆడక్కడుండి ఏం జేత్తాడు. రానీ. కుర్రాళ్ళకి బంతాట నేర్పుకుంటా ఇక్కడే ఉంటాడు" అని, కొంచెం ఆగి, నా వైపు చూడకుండానే, "ఇద్దరికీ ఇంకా వయసేం మించిపోలేదు" అంది. తర్వాత ఏమీ ఎరగనట్టు గంపలో ఆకు తొడిమలు ఏరి నీళ్ళల్లోకి విసురుతూ కూర్చుంది. ఈ వదినని ఏమీ అనలేను. అమ్మ పోయినప్పుడు పదిరోజులు నాకు అన్నం కలిపి పెట్టిన చేతులవి.

వయసు మించిపోలేదట. ముప్ఫయ్యేడు. అతనికి నలభై ఒకటి. అతను అక్కడ పెళ్ళి చేసుకోలేదు, నేనిక్కడ చేసుకోలేదు, రెండిటికీ సంబంధం లేదని నేను అందరికీ చెబుతాను. చిన్నప్పుడు అలివి వల లాగేటప్పుడు అతను నా ముందుండేవాడు, ఎప్పుడూ ముందే, అతని వీపు మీద చొక్కా తడిసి అతుక్కుని ఉండేది, అదే చూస్తూ నేను వెనక్కి అడుగులేసేదాన్ని. మా ఒడ్డున వల లాగడమంటే అదే, తాడు పట్టుకుని సముద్రానికి ఎదురుగా నిలబడి వెనక్కి వెనక్కి నడవడం. తాడు చివరికొచ్చినవాడు వదిలేసి, పరిగెత్తి నీళ్ళ దగ్గరికెళ్ళి మళ్ళీ అందుకుంటాడు. అలా తిరుగుతూనే ఉంటాం, రెండు గంటలో మూడు గంటలో, వల సంచి ఒడ్డుకి తేలేదాకా. పదేళ్ళ పిల్లకైనా డెబ్భయ్యేళ్ళ తాతకైనా తాడు మీద చెయ్యి ఉందంటే చేపల్లో వాటా పోగుంటుంది. ఎంత లాగాడని ఎవరూ అడగరు. లాగలేనివాడు ఊరికే చెయ్యి వేసి నడుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు అతని బరువు కూడా లాగుతారు. అలిసిపోతే తనంతట తను వదులుకోవాలి. వల నీళ్ళల్లో ఉండగా ఒకరి చెయ్యి తాడు మీంచి ఇంకొకరు తియ్యకూడదు. తీసేది ఒక్కసారే, ఆ మనిషి ఇంట్లో చావు జరిగినప్పుడు. అప్పుడు వలపెద్ద వెనకనుంచి వస్తాడు, ఏమీ మాట్లాడడు, మణికట్టు పట్టుకుని చెయ్యి తీస్తాడు. చెయ్యి తీశాడంటే ఇక అడగక్కర్లేదు, ఇంటికి పరిగెత్తాలి. నాన్న పోయిన రోజు నాకు తొమ్మిదేళ్ళు, బావ వాళ్ళ నాన్నే వలపెద్ద, ఆ తడిచెయ్యి నా మణికట్టు మీద పడ్డం నాకిప్పటికీ తెలుసు.

అందుకే కాకినాడలో అలా అడిగాను. అప్పటికి నాకు పదిహేడు. యెహెజ్కేలు మాస్టారు మా ఒడ్డు పిల్లల్ని పోగేసి, ఇసుకలో పరిగెత్తీ పరిగెత్తీ గట్టిపడ్డ కాళ్ళివి, వీటిని వృథా చెయ్యకూడదర్రా అని ఆడపిల్లల జట్టు తయారుచేశారు. బావ ఆయనకి సాయం. కాకినాడ ఫైనల్ నాటికి మాస్టారికి జ్వరం, జట్టు మొత్తం ఇరవై ఒక్కేళ్ళ బావ చేతిలో పడింది. రెండో సగానికి రాష్ట్రం సెలక్టర్లు వస్తారని అందరికీ తెలుసు. ఇరవై నిమిషాలకి నా చీలమండ మెలిపడింది, మెలిపడితే ఏంటి, నేను లేచాను, ఒక గోలు కూడా కొట్టాను ఆ కాలితోనే. ముప్ఫయ్యో నిమిషంలో ఆట ఆగింది. బావ గీత దాటి లోపలికొచ్చాడు. మాట్లాడలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు. నాకు చుట్టూ చప్పుడంతా ఆగిపోయింది, అమ్మ అనుకున్నాను, అమ్మే, పొద్దున ఆయాసపడుతూ ఉంది, "ఎవరు పోయారు బావా" అన్నాను. అతని మొహం తెల్లబోయింది. అప్పుడు గానీ అతనికి తనేం చేశాడో తెలీలేదు. "ఎవరూ పోలేదు. కాలు చూసుకో" అన్నాడు, కానీ చెయ్యి వదల్లేదు, గీత దాకా నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. మా వాళ్ళు గెలిచారు. సెలక్టర్లు ముగ్గుర్ని రాసుకున్నారు. నేను తువ్వాలు నెత్తిన కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను, ఎవరైనా అడిగితే ఎండ అని చెప్పాను.

మర్నాడు అమ్మతో కాకినాడ ఆస్పత్రికెళితే డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూసి, ఇంకో అరగంట ఆడుంటే ఈ కాలు మీద నిలబడేదానివి కాదమ్మా, ఎవరు కూర్చోబెట్టారో గాని పుణ్యాత్ముడు అన్నాడు. ఆ ఫిల్ము మా ఇంట్లో పెట్టె అడుగున ఉంది. అమ్మతో ఒట్టేయించుకున్నాను ఎవరికీ చెప్పద్దని. ఎందుకంటే చెబితే బావ తప్పు చెయ్యలేదని ఒప్పుకోవాలి, అప్పుడు నా కోపం ఎక్కడ పెట్టుకోను. పదిహేడేళ్ళ వయసులో కోపం తప్ప నాకేముంది గనక. ఆట పోయింది. ఆ తర్వాత మూడేళ్ళు అతనితో మాట్లాడలేదు, ఎదురైతే పక్క సందులోకి తిరిగాను, ఒక్క ఊళ్ళో ఉంటూ అలా తిరగడం ఎంత కష్టమో తిరిగినవాళ్ళకే తెలుసు. అతను కోచింగ్ పరీక్ష ప్యాసై కలకత్తా వెళ్ళే రోజు ఈ రేవులోనే, ఈ దిమ్మలు అప్పుడు లేవు, తాటిదుంగ ఒకటుండేది, నేను చేపలు దింపడానికొచ్చి ఎదురుపడ్డాను. భుజాన సంచీ. పంటు కూత వేస్తోంది. "వెళ్ళమంటావా, ఉండమంటావా" అన్నాడు. ఉండు అని నాలుక మీద దాకా వచ్చింది. నిజంగా వచ్చింది, దాని రుచి కూడా గుర్తుంది. కానీ నా నోటి నుంచి వచ్చింది వేరే మాట. "తాడు మీంచి నా చెయ్యి తీసేసినోడివి, నన్నడుగుతావేంటి. నువ్వు ఇంకెవరికీ ఆ పని చెయ్యకు చాలు" అన్నాను. అతను తలూపాడు. వెళ్ళాడు. ఊరికి వచ్చినప్పుడల్లా అక్కకి చీర తెస్తాడు, నాకు మాత్రం బంతులు పంపిస్తాడు బడి పేరు మీద. ఈ సంచీలో ఉన్నవి కూడా అతను పంపినవే, కుట్లూడితే పారెయ్యకుండా కుట్టిస్తాను.

బావ జట్టు మొన్నాడిన ఆట బడిలో నా ఫోను మీదే చూశాం, పదిహేనుమంది ఆడపిల్లలు నా భుజాల మీద పడి. గెలిస్తే పెద్ద పోటీకి వెళతారు. యాభయ్యో నిమిషంలో పదహారో నంబరు పిల్ల, ఎడమ వెనక ఆడే పిల్ల, కింద పడి లేచింది. లేచిన తీరు చూడగానే నా కాలు లాగింది. మా ఏడో తరగతి బేబీ కూడా కనిపెట్టింది, టీచర్ గారండి, ఆవిడ కుంటుతున్నారండి అంది. కెమెరా బావ మీదకి వెళ్ళింది. జుట్టు నెరిసింది, అది చూసి నాకు వేరే ఏదో నొప్పి. అతను గీత దగ్గరికొచ్చాడు. కుడిచెయ్యి లేచింది, నడుం దాకా లేచింది, ఆగింది, మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. బెంచీ మీద ముగ్గురు ఖాళీగా కూర్చునే ఉన్నారు. అరవై నాలుగో నిమిషంలో అటునుంచే గోలు పడింది. డెబ్భయ్యో నిమిషంలో ఆ పిల్లని స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. ఆట ఓడిపోయారు, ఆ పిల్ల ఇక ఏడాదిదాకా ఆడకూడదట. దేశమంతా అడుగుతోంది, గుడ్డివాడా, మొండివాడా, లంచం తిన్నాడా, బుర్ర లేదా, ఇలాంటివాణ్ణి ఎవరు పెట్టారు అని. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో దేశంలో ఇద్దరికే తెలుసు. ఆ రాత్రి నా ఫోనుకి అతని గొంతు వచ్చింది, ఇన్నేళ్ళలో మొదటిసారి, నాలుగు సెకన్ల మెసేజి. "దుర్గా, ఈసారి తియ్యలేదు." అంతే. ఎన్నిసార్లు విన్నానో చెప్పను. మొదట్లో మాటల కోసం విన్నాను, తర్వాత గొంతు కోసం.

నాలుగూ నలభై. మేట అంచులు మునుగుతున్నాయి, పంటు ఇంజను చప్పుడు అవతల మొదలైంది. కాదు అంటే చాలు. కాదండి, తగినవాడు కాదండి, రెండు ముక్కలు. అబద్ధం కూడా కాదు కదా. కుంటుతున్న పిల్లని తియ్యలేనివాడు మేనేజరెలా అవుతాడు, ఆ పిల్ల కాలికి ఎవరు జవాబు చెబుతారు. నిజమే చెబుతున్నానని నాకు నేను చెప్పుకోవచ్చు. వచ్చే నెలకల్లా ఇదే రేవుకొస్తాడు, అదే సంచీ భుజాన. పొద్దున ఒడ్డున పిల్లలు పరిగెడుతుంటే ఒకవైపు అతను, ఒకవైపు నేను. మా దండెం మీద అతని చొక్కా ఆరుతుంది. మెత్తళ్ళ ఇగురు వండితే తోక దగ్గర ముళ్ళు తియ్యకుండా తింటాడు, చిన్నప్పుడూ అంతే. నాకు అతను కావాలి. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు, ఇదిగో ఇవాళ ఈ దిమ్మ మీద కూర్చుని అనుకుంటున్నాను, కావాలి. ఇంతగా కావాలనుకుంటున్నదాన్ని అతను తగునా తగడా అని అడగడమే పెద్ద పొరపాటు, ఆ రాజమండ్రి పెద్దమనిషికి ఆ సంగతి తెలీదు. పోనీ తగును అంటే. అంటే అక్కడే ఉంటాడు, మళ్ళీ ఏళ్ళూ పూళ్ళూ, మళ్ళీ బంతులు. తగునని అనడానికి మాత్రం నా దగ్గర ఏముంది. ఏముందంటే పెట్టె అడుగున ఫిల్ముంది. అది తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు, అది ఒక్కటీ నా దగ్గరే ఉంది.

పంటు వచ్చింది. బైకులు ముందు, ఆటో ఒకటి, తర్వాత మేము. చినబాబు నా సంచీ అందుకుని ఎక్కించాడు, "మీ ఊరాయన్ని బాగా తిడతన్నారండి టీవీలో" అన్నాడు, "తిట్టనివ్వండి, వాళ్ళేం తాళ్ళు లాగారు" అన్నాను. అతనికి అర్థం కాలేదు, నవ్వాడు. వదిన గంపలు పెట్టుకుని ఇంజను పక్కన కూర్చుంది. నడి గోదావరిలోకి రాగానే ఫోను మోగింది. సరిగ్గా ఐదు. పెద్దమనిషి మాట మీద నిలబడ్డాడు.

"చెప్పండి వీరదుర్గ గారు. తగినవారేనాండి?"

పక్కనే వదిన నా నోటి వైపే చూస్తోంది. గాలికి కొంగు మొహానికి కొడుతున్నా తీసుకోవడం లేదు.

"తగినవాడేనండి" అన్నాను. "ఇరవై ఏళ్ళ కిందట కాకినాడలో, బాగా ఆడుతున్న పిల్లని, సొంత మేనమామ కూతుర్ని, కాలు మెలిపడిందని ముప్ఫయ్యో నిమిషంలో కూర్చోబెట్టాడండి. ఆ పిల్ల ఏడ్చినా మళ్ళీ దింపలేదు. దింపుంటే ఇవాళ నడిచేది కాదు. డాక్టరు చెప్పిన మాట. ఫిల్ము కూడా ఉందండి, కావాలంటే పంపిస్తాను. ఆ పిల్లని నేనేనండి."

"మరి మొన్న ఎందుకు తియ్యలేదంటారు?"

"నా మూలంగానండి. తీసింది తప్పని ఇన్నేళ్ళూ అతన్ని నమ్మించాను. ఇంకెవరినీ తియ్యొద్దని మాట కూడా తీసుకున్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటాను. ఇక ఆ పొరపాటు జరగదు."

"ఏమవుతారమ్మా ఆయన మీకు?" అప్పటిదాకా అండి అన్న మనిషి అమ్మా అన్నాడు.

"బావ వరసండి" అన్నాను. అంతకంటే చెప్పడానికి ఏమీ జరగలేదు.

ఫోను పెట్టేశాక వదిన తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. మొహం అటు తిప్పుకుని, ఏడుస్తోందో గాలికో గాని కళ్ళు తుడుచుకుని, "రాడన్నమాట" అంది. "రాడు వదినా" అన్నాను. ఆ మాట బయటికి విన్నాక ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఇంకా రెండో పని మిగిలే ఉంది, సఖినేటిపల్లి రేవు దగ్గరపడుతోంది, ఒడ్డు తగిలిందంటే నాకు మళ్ళీ ధైర్యం రాదు. మెసేజి బొత్తాం నొక్కిపట్టి నోటి దగ్గర పెట్టుకున్నాను. ఇంజను చప్పుడు మించి వినబడాలని గట్టిగానే అన్నాను, ఆటోలో వాళ్ళు కూడా విన్నారు. "బావా, ఆ రోజు నన్ను తియ్యడం కరెక్టే. డాక్టరు అప్పుడే చెప్పాడు. నేనే నీకు చెప్పలేదు."

మెసేజి పక్కన రెండు గీతలూ నీలమయ్యాయి. రాస్తున్నట్టు చూపించింది, ఆగిపోయింది, మళ్ళీ రాస్తున్నట్టు చూపించింది. పంటు ఒడ్డుకి తగిలి కుదిపింది, బైకులు స్టార్టయ్యాయి, అందరూ నన్ను దాటుకుని దిగుతున్నారు. అప్పుడొచ్చింది.

"కాలెలా ఉంది దుర్గా."

ఇరవై ఏళ్ళకి. వానొస్తే లాగుతుంది బావా, ఇవాళ కూడా లాగుతోంది, నువ్వొచ్చి చూడు అని రాశాను. చూసుకుని చెరిపేశాను. బాగానే ఉంది, ఆ పిల్ల కాలు చూసుకో అని రాసి పంపించాను, సంచీ భుజానికెత్తుకుని వదిన వెనకాల రేవెక్కాను.